పెళ్లి గుర్రానికి కృతజ్ఞత కూటం

గుర్రాల డాక్టరని నన్నెవరూ అనలేదు. పశువైద్య శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను, అందులో ఎక్కువ భాగం నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కలే. బర్రెలు, ఎద్దులు, గొర్రెల మందలు, కోళ్ల షెడ్లు, వీటి మధ్యనే ఉద్యోగం గడిచిపోయింది. నేను చూసిన గుర్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలెవరైనా ఇంటికొచ్చి "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది" అని అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఒక గుర్రమే. వాళ్లకు మాత్రం చెప్పను. అడ్డం తిరిగిన దూడను తీసి బర్రెను బతికించిన కథ ఒకటి ఉంది, అది చెప్పి కాఫీ ఇచ్చి పంపిస్తాను. గుర్రం కథ వింటే ఎవరికీ ఉద్యోగం మీద ఉత్సాహం పెరగదు.

మొన్న ఒక కుర్ర డాక్టరు వచ్చి, "మందులు మనం బాగానే ఇస్తాం మేడమ్, జనమే మాట వినరు" అన్నాడు. మాట వినని జనాన్ని నేనూ కావలసినంత మందిని చూశాను, తిట్టాను, తిట్లు తిన్నాను. మాట విన్న జనాన్ని చూసింది మాత్రం ఆ ఒక్కసారే. అందుకని రాస్తున్నాను.

రిటైరవడానికి కొన్నేళ్ల ముందు సంగతి. ఇల్లు నంద్యాలలో, ఉద్యోగం ఆళ్లగడ్డ పశువుల ఆసుపత్రిలో. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. నంద్యాలలో మా అన్నకు శనగలు, ఉలవలు, బెల్లం అమ్మే అంగడి ఉంది. బస్టాండుకు పోతూ అక్కడ ఒక నిమిషం నిలబడి పలకరించడం అలవాటు. "నేను అమ్మింది తిని వాటికి కడుపుబ్బరం, నీకు పని. మనది కలిసొచ్చిన యాపారం" అని ఎగతాళి చేసేవాడు. కోమటింటి ఆడపిల్ల పేడలో చేతులు పెట్టే ఉద్యోగంలోకి పోయిందని మా వాళ్లకు మొదట్లో నామోషీగా ఉండేది. ఆ నామోషీ ఎగతాళిగా మారడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఆసుపత్రిలో నాకు తోడు ఒక అటెండరు. నాకంటే వయసులో పెద్ద. పొగరుబోతు ఎద్దు కొమ్ములు పట్టి నిలబెట్టడంలో మొనగాడు. నోరు తెరిస్తే మాత్రం అపశకునమే. కేసు గేటు దాటి లోపలికి రాకముందే "ఇది బతకదు మేడమ్" అనేవాడు. బతికితే ఆ మాట మరిచిపోయేవాడు. చస్తే గుర్తు చేసేవాడు. ఆ పద్ధతిలో ఆయన జోస్యం ఒక్కటి కూడా తప్పు కాలేదు.

పెళ్లిళ్ల సీజను చివర్లో, ఎండలు మండిపోతున్న రోజుల్లో, ఒకాయన వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాడు. వెంట పశువు లేదు. ఏమిటని అడిగితే లేచి నిలబడి, "గుర్రం మేడమ్. ముందుకాళ్లు సాచుకోని ఎనక్కి వాలి నిలబడుతాండాది. నడిపిచ్చి తెద్దామంటే అడుగు పెట్టల్యాకపోతాండాది" అన్నాడు. నా వెనక నుంచి అటెండరు గొంతు సవరించుకోవడం వినిపించింది. ఆ రోజు ఆయన్ను మాట పూర్తి చేయనివ్వలేదు.

ఊళ్లో ఆ గుర్రాన్ని ఎరగనివాళ్లు లేరు. తెల్లటి ఆడగుర్రం. ఆళ్లగడ్డలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఏ కులంలో, ఏ మతంలో పెళ్లయినా పెళ్లికొడుకు దాని మీదే ఊరేగేవాడు. ఈయన ఒకప్పుడు బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించేవాడు. ముందుపళ్లు ఊడిపోయాయి. కట్టుడు పళ్లు పెట్టుకొని ఊదితే పాటకు బదులు ఈల వచ్చేదట, మేళం వాళ్లే నవ్వేవాళ్లట. కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాడు, పిచ్చిపట్టినట్టు తిరిగాడు, చివరికి ఎక్కడో సంతలో ఈ గుర్రాన్ని కొని తెచ్చాడు. అప్పటి నుంచి అదే మేళం వెనక, దాని కళ్లెం పట్టుకొని నడిచేవాడు. "ఊదేది పోయినా ఊరేగింపులో నా చోటు పోకుండా ఇది కాపాడింది మేడమ్" అని తర్వాతెప్పుడో నాతో అన్నాడు. ఆ మనిషికి గుర్రం అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ మాటతోనే.

మేమే బయల్దేరి పోయాం. చర్చి వెనక పేటలో వాళ్ల ఇల్లు. అందరూ క్రైస్తవ కుటుంబాలే. కూలికి పోయేవాళ్లు, కౌలు చేసేవాళ్లు, ఒకరిద్దరు టీచర్లు. ఆయన భార్య గడపలో నిలబడి ఉంది. కూతుర్ని పగిడ్యాలలో ఇచ్చారు. ఇక గుర్రాన్ని ఈ తల్లి "రెండో పాప" అనేది, ముద్దొస్తే ఉత్త "పాప" అనేది. గిట్టల మీద చెయ్యి పెట్టి చూశాను. ఎండలో పెట్టిన పెనం లాగా కాలుతున్నాయి. మడమ వెనక నరం అదిరిపోతోంది. ఏం పెడుతున్నారని అడిగితే, ఇంట్లో గడ్డీ తవుడే అన్నారు. మరి పెళ్లిళ్లలో?

అక్కడ బయటపడింది. మా వైపు పెళ్లికొడుకు గుర్రం దిగగానే పెళ్లికూతురి వాళ్లు ఒక చాటలో నానబెట్టిన శనగలూ బెల్లమూ తెచ్చి గుర్రం ముందు పెడతారు. మేనత్తలు, పిన్నమ్మలు తలా ఒక పిడికెడు తినిపిస్తారు. వద్దంటే ఆ ఇంటిని అవమానించినట్టే. సీజనులో ఆ గుర్రానికి రోజుకొక మర్యాద, ఒక్కోరోజు రెండు మర్యాదలు. తారు రోడ్డు మీద నడక సరేసరి.

పిల్లల కోసం ఒక్క మాటలో చెబుతాను. మన వేలికి గోరు ఎట్లా అతుక్కొని ఉంటుందో, గుర్రం గిట్ట లోపలి ఎముక ఆ గిట్టకు అట్లా అతుక్కొని వేలాడుతూ ఉంటుంది. మోతాదు మించి గింజలు, తీపి కడుపులో పడితే ఆ అతుకు వాచి ఊడిపోతుంది. అతుకు ఊడితే ఒళ్లంతా మోసే ఎముక కిందికి దిగుతుంది. దిగి దిగి ఒకరోజు అరికాలు చీల్చుకొని బయటికి వస్తుంది. ఈ గుర్రానికి అప్పటికి ఎముక కొంచెం దిగింది. అరికాలు చీలలేదు.

అటెండరు వాతలు పెట్టాలన్నాడు. ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి మోకాళ్ల కింద వాతలు పెడితే చెడురక్తం పోతుందని ఆయన నమ్మకం. కడ్డీ తెస్తే ముందు మీకే పెడతానన్నాను. హైదరాబాదులో పందెం గుర్రాలకు వైద్యం చేసే నా క్లాస్‌మేటుకు ఫోన్ చేశాను. అంతా విని, "మందుదేముంది, నొప్పికి ఇస్తావు. ఇది ఇంట్లో బాగుపడాల్సిన జబ్బు. ఆ ఇల్లు ఎట్లాంటిది?" అన్నాడు. గడపలో నిలబడి ఉన్నామె వైపు చూశాను. మంచి ఇల్లే అన్నాను.

పని మొదలైంది. ఊరి పక్కనున్న వక్కిలేటి నుంచి ఇసుక తెప్పించి పెరట్లో మోకాలి లోతు పరిపించాను. గిట్టల కింద మెత్తగా కట్టడానికి మందమైన థర్మోకోల్ కావాలంటే, మేళం పాత మిత్రులు పెళ్లి స్టేజీల మీద వాడి పారేసినవి మూటకట్టి తెచ్చారు. వాటి మీద వధూవరుల పేర్లు, రంగు కాగితాల పూలు. గిట్ట కొలతకు కోసి, ప్లాస్టర్ చుట్టి కట్టేవాళ్లం. ఎవరెవరి పేర్ల మీదో నిలబడి గుర్రం ఆ వేసవంతా గడిపింది. ముందుకు పెరిగిన గిట్టను అరగదీయడానికి ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర పెద్ద ఆకురాయి అడిగి తెచ్చుకున్నాం. విగ్రహం ముక్కు చెక్కినంత జాగ్రత్తగా చెక్కాలి మేడమ్ అని చెప్పి మరీ ఇచ్చారు. బయట మా శాఖలో వాళ్లకు ఇదంతా నవ్వులాట. గుడ్డి గుర్రాల పళ్లు తోమేవాళ్లను చూశాం గానీ కుంటి గుర్రం గోళ్లు తీసేవాళ్లను ఇప్పుడే చూస్తున్నామన్నారు మీటింగులో. నేను కూడా నవ్వాను. ఇంకేం చేస్తాను.

కష్టమంతా తిండి దగ్గర. ఎండుగడ్డిని నీళ్లలో నానబెట్టి, అందులో ఉన్న కొంచెం తీపి కూడా పోయేట్టు పిండి, అదే పెట్టాలి. గింజ లేదు, బెల్లం లేదు, తవుడు లేదు, జొన్నరొట్టె ముక్క కూడా లేదు. చప్పిడి గడ్డి తిని గుర్రం చిక్కిపోయింది. పక్కటెముకలు తేలాయి. వీధిలో ఎవరు పోతున్నా మెడ చాచి సకిలించేది. పెళ్లికూతుళ్ల ఇళ్ల ముందు వెండి చాటల్లో తిన్న గుర్రం, చీపురు పుల్లల్లాంటి గడ్డి ముందు నిలబడి మనుషుల ముఖాల్లోకి చూసేది. లంఖణం పరమౌషధం అని మనుషులకైతే చెప్పి ఒప్పించవచ్చు.

పేటలో మాటలు పుట్టాయి. పనికిరాని గుర్రాన్ని పస్తులు పెట్టి చంపుతున్నారని ఎవరో అన్నారట. ఇంటామె రెండు రోజులు బావి దగ్గరికి పోలేదు. ఆ ఆదివారం నేను పాస్టరయ్యను కలిసి సంగతి వివరించాను. ఆయన ఆరాధన అయ్యాక నిలబడి, ఆ గుర్రానికి ప్రేమతో పెట్టేది విషమే అవుతుందనీ, ఎవరూ ఏమీ పెట్టకుండా ప్రార్థన మాత్రం చేయండనీ చెప్పాడు. ఆశ్చర్యం ఏమిటంటే, పేటంతా విన్నది. బిస్కెట్ తింటూ పోయే పిల్లలు ఆ ఇల్లు రాగానే చెయ్యి వెనక్కి దాచుకొనేవాళ్లు. అవ్వలు తట్టలో కూరగాయలున్నా చుట్టూ తిరిగి పోయేవాళ్లు. ఆదివారం ప్రార్థనలో జబ్బుపడిన మనుషుల తర్వాత గుర్రం వంతు. ఇరవై ఏళ్ల గాలికుంటు టీకాల ప్రచారంలో నేను సాధించలేని క్రమశిక్షణ అది.

అన్నిటికంటే గట్టి కాపలా మా అటెండరుది. డ్యూటీ అయ్యాక ఇంటికి పోతూ పోతూ ఆ పెరట్లో ఒకసారి తల దూర్చేవాడు. మేత వేసే గాడి వెతికి, పేడ పుల్లతో విడదీసి చూసి, ఒక్క గింజ కనబడినా పంచాయతీ పెట్టేవాడు. గుర్రం ఆయన్ను చూస్తే చెవులు వెనక్కి పెట్టేది. "నన్ను సూస్తే దానికి కడుపు మంట మేడమ్. పోలీసోన్ని సూసినట్టు సూస్తాది" అని నాతో చెప్పుకొనేవాడు. బతకదు అన్న మాట మాత్రం ఆ మధ్య అనడం మానేశాడు.

వానలు మొదలయ్యాక గుర్రం బరువంతా ముందుకాళ్ల మీద పెట్టి నిలబడింది. గిట్టల వేడి తగ్గింది. పైనుంచి కొత్త గిట్ట, పాతదానికంటే నిటారుగా, దిగుతూ వచ్చింది. ముందు ఇసుకలో నాలుగడుగులు, తర్వాత పెరడు చుట్టూ, తర్వాత వీధిలోకి. అది తన కాళ్ల మీద వీధి చివరిదాకా పోయి వచ్చిన రోజు యజమాని కళ్లెం చేతికి చుట్టుకొని, ఎదురుగా మేళం ఉన్నట్టు నడిచాడు. నేను అంత సంతోషపడిన రోజులు ఉద్యోగంలో ఎక్కువ లేవు.

ఇంటామె అంతకు ముందే మొక్కుకొని ఉంది. పాప వీధి చివరిదాకా నడిస్తే కృతజ్ఞత కూటం పెట్టిస్తానని. వాళ్లలో అది ఆనవాయితీ. పెద్ద జబ్బు నుంచి ఎవరైనా లేస్తే ఇంటి ముందు షామియానా వేసి, పాస్టరయ్యతో ప్రార్థన చేయించి, వచ్చినవాళ్లకు భోజనం పెడతారు. నాకది నచ్చింది. నన్ను తప్పకుండా రమ్మన్నారు. నేను ముందుగానే చెప్పాను: గుర్రం ఇంకా గట్టిపడలేదు, ఏడాది దాకా ఈ పథ్యమే, ఆ రోజు కూడా గింజ ముట్టకూడదు. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. పెరటి దారికి అడ్డంగా మంచం వేసి అటెండరును దాని మీద కూర్చోబెట్టాం.

ఆదివారం సాయంత్రం. వీధంతా చాపలు. నాకు ముందు వరసలో కుర్చీ వేశారు, శాలువా కప్పారు. పాటలు పాడారు. పాస్టరయ్య ప్రార్థన చేశాడు. మేళం మిత్రులు గుర్రానికి ఇష్టమైన పెళ్లి పాటొకటి వాయిస్తే అది పెరట్లో నుంచి సకిలించింది, అందరూ నవ్వారు. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు పట్టుకొని, మీరు మాట విన్నందువల్లే గుర్రం నిలబడిందని, ఇంకొక ఏడాది ఇట్లాగే వినాలని, గింజ పెడితే మళ్లీ మొదటికి వస్తుందని స్పష్టంగా చెప్పాను. అందరూ తలలూపారు. వెనక నుంచి ఎవరో "ఆమేన్" కూడా అన్నారు.

వాళ్లు నా మాట లెక్కచేయలేదని అనుకోకండి. అక్కడే నేను ఇన్నేళ్లుగా తన్నుకుంటున్నాను. గింజ పెట్టొద్దన్నానంటే మేత పెట్టొద్దన్నానని వాళ్లకు అర్థమైంది. ఎవరూ మేత పెట్టలేదు. కానీ జబ్బు నుంచి లేచినవాళ్లను చూడటానికి ఉత్త చేతులతో పోవడం ఆ పేటలో లేదు. మనిషైతే రెండు అరటిపళ్లు, ఒక బ్రెడ్డు. గుర్రమైతే కొంగుచివర కట్టుకొచ్చిన నాలుగు శనగలు, చిన్న బెల్లం ముక్క. అది మేత కాదు, చేతి దీవెన. ఒక్క పిడికెడు ఏం చేస్తుంది?

భోజనాలు మొదలయ్యాయి. ఇంటామె వడ్డనలో పడింది. పనిచేసిన మనిషిని చివర తిననివ్వడం మర్యాద కాదని అటెండరును బలవంతంగా లేపి పంక్తిలో కూర్చోబెట్టారు. "పాపను ఒకసారి కండ్లారా సూసొస్తాం" అని ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు చొప్పున మంచం పక్కనుంచి పెరట్లోకి పోయి వచ్చారు. ఆ తర్వాత మగవాళ్లు. ఆ తర్వాత మేళం వాళ్లు. ఎవరు పోయినా తాము పెట్టింది మాత్రమే తెలుసు. బస్సుకు లేస్తూ గుర్రానికి ఎవరూ ఏమీ పెట్టలేదు కదా అని గుర్రం యజమానిని అడిగాను. లేదన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఒక అవ్వ ఒక బెల్లం ముక్క పెట్టడం చూశాడట. దాన్ని ఆయన పెట్టడం కింద లెక్కవేయలేదు.

మర్నాడు నేను పోయేసరికి గుర్రం హుషారుగా ఉంది. పిల్లలు చుట్టూ చేరి ఉన్నారు. తోక ఎత్తి అటూ ఇటూ తిరుగుతుంటే, చూడండి ఎంత కళ వచ్చిందో అని ఆమె మురిసిపోతోంది. నేను పేడ చూశాను. పలచగా పారింది. అందులో శనగలు, నానినవి, నలగనివి. ఇసుకలో బెల్లం పాకం కారి చీమలు పట్టాయి. పుల్లతో విడదీస్తున్న అటెండరు చెయ్యి ఆగిపోయింది.

తిన్నది బయటికి పోయేట్టు ముక్కులోంచి గొట్టం వేసి నూనె పోశాం. ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మెలు తెప్పించి, తొట్లలో పగలగొట్టి, కాళ్లు అందులో పెట్టించి నిలబెట్టాం. చేయగలిగిందల్లా చేశాం. కానీ ఏం రాబోతోందో నాకు తెలుసు. ఈ జబ్బు గింజ తిన్న రోజు రాదు, ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది. హుషారుగా ఉన్న పశువు పక్కన, సంతోషంగా ఉన్న మనుషుల మధ్య, అది ఎప్పుడొస్తుందా అని కాచుకొని కూర్చోవడం కంటే హీనమైన పని నేను ఉద్యోగంలో చేయలేదు. అది చచ్చిపోయిన రోజు కూడా నాకు అంత దుఃఖం కలగలేదు.

ఐసు మోస్తూ మోస్తూ అటెండరు తొట్టి పక్కన కూలబడ్డాడు.

"నేను గూడా ఒక పిడికెడు పెట్టినా మేడమ్" అన్నాడు.

మీరా, ఎందుకు, అని అడిగాను.

"ఇన్ని నెలలు దాని నోరు కట్టేసింది నేనే గదా. లేసి నిలబడింది గదా, నా చేత్తో ఒకసారి పెడదామనిపిచ్చింది. నా ఒక్కందే అనుకున్యా."

ఊళ్లో ప్రతి పశువు చావునూ ముందే చెప్పే మనిషి తలొంచుకొని ఐసు ముక్కలు ఏరుతున్నాడు. తిట్టడానికి ఎవరున్నారు అక్కడ? అందరూ ఒక్క పిడికెడు మనుషులే.

ఆ రాత్రికే గిట్టలు కాలాయి. బుధవారం నేను పోయేసరికి గుర్రం ఇసుకలో పడి ఉంది. లేవడానికి చూసి, లేవలేక, మూలిగింది. ముందుకాలు ఎత్తి చూస్తే అరికాలు ముందుభాగం ఉబ్బి, సన్నటి చీలిక పడి, అందులోంచి నెత్తురూ నీరూ కారుతున్నాయి. రెండో కాలూ అంతే. ఎముక బయటికి వచ్చేసింది. హైదరాబాదు మిత్రుడికి ఫొటో పంపాను. ఆయన ఒక నమస్కారం బొమ్మ పంపాడు.

భార్యాభర్తలను లోపలికి పిలిచి చెప్పాను. బతకదు, బతికించడం దాన్ని హింసించడమే, ఒక ఇంజెక్షన్ ఇస్తే నొప్పి లేకుండా పోతుంది. ఆయన గోడకు ఆనుకున్నాడు.

"నిలబడుకోని ఉన్నప్పుడు ఇయ్యల్యామా మేడమ్?" అని అడిగాడు.

అది ఇక నిలబడదన్నాను. నిలబడి ఉన్నప్పుడు ఎందుకని నేను అడగలేదు. ఆ గుర్రం పడుకొని ఉండగా ఊరు ఎన్నడూ చూడలేదు. ఆయన వెళ్లి దాని తల ఒళ్లో పెట్టుకున్నాడు. పూసలు కుట్టిన పెళ్లి కళ్లెం తెచ్చి కట్టబోయి, మళ్లీ పక్కన పెట్టేశాడు. నేను సిరంజి నింపుతున్నాను. ముప్పై ఏళ్లలో ఎన్నింటికి ఇచ్చానో ఆ ఇంజెక్షన్. ఆ రోజు నరం దొరకబుచ్చుకోవడానికి రెండుసార్లు పొడవాల్సి వచ్చింది. అటెండరు కాలు పట్టుకున్నాడు. గుర్రం ఒక పెద్ద ఊపిరి వదిలింది. అంతే.

చేతులు కడుక్కుంటుంటే ఆమె చెంబుతో నీళ్లు పోసింది. ఏడవడం లేదు. వీధిలో జనం చేరుతున్న అలికిడి వినిపిస్తోంది. గొంతు తగ్గించి అంది:

"ఒకటి అడుగుతా డాక్టరమ్మా. తినబెట్టిందాని వల్ల పోయిందని బయట ఎవురికీ చెప్పొద్దు."

నేను ఏదీ దాచే మనిషిని కాదు. పొలంలో నిలబడి రైతు ముఖం మీదే "నీ వల్లే చచ్చింది" అని చెప్పిన సందర్భాలున్నాయి. చెప్పాలి కదమ్మా, తెలియకపోతే రేపు ఇంకో గుర్రానికి ఇదే చేస్తారు అన్నాను.

"ఇంగో గుర్రం ఈ పేటకు యాడొస్తాదిలే" అంది. "వాళ్ల దగ్గర ఏముండాదని? పిల్లోళ్లకని దాచుకుండేది తెచ్చి పెట్టినారు. ఇది తెలిస్తే ఇంగ ఎవురికన్నా ఒక ముద్ద పెట్టేటప్పుడు చెయ్యి వణుకుతాది. గుర్రం ఎట్లా పాయె. ఆ చెయ్యన్నా ఉండనీ."

పిల్లలూ, మీ పాఠాల్లో యజమానికి నిజం చెప్పమని రాసి ఉంటుంది, అది సరైన మాటే. ఆ నిజం తెలిసినామె, దాన్ని తన దగ్గరే పెట్టుకుంటానని అడిగితే ఏం చేయాలో మాత్రం రాసి ఉండదు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, ఆ పాపాన్ని ఆమె ఒక్కతే ఎత్తుకుంది.

వీధిలోకి వచ్చాను. పాస్టరయ్య ముందుకొచ్చి ఏమైందని అడిగాడు. లోపల జబ్బు మళ్లీ తిరగబెట్టిందని, మన చేతుల్లో లేదని చెప్పాను. నా పక్కన అటెండరు నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. సాయంత్రానికి జేసీబీ వచ్చి వక్కిలేటి గట్టున గుంత తీసింది. మేళం వాళ్లు వాయిద్యాలు తేలేదు, ఉత్త చేతులతో వచ్చారు. గుర్రానికి ప్రార్థన చేయొచ్చా చేయకూడదా అని కొంతసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి ఎవరి మనసులో వాళ్లు చేసుకున్నారు. మట్టి కప్పుతున్నంతసేపూ గుర్రం యజమాని అటువైపు చూడలేదు.

అంతా తిరుగుముఖం పట్టాక, కర్ర పట్టుకొని ఒక అవ్వ నడుచుకుంటూ వచ్చి ఇంటామె దగ్గర ఆగింది. కూటం రోజు మొదట పెరట్లోకి పోయింది ఈ అవ్వే.

"పోనీలే బిడ్డా" అంది. "ఎన్ని నెలల నుంచో పస్తుండింది. పోయే ముందరన్నా కడుపునిండా తినింది. నా చేతిలో బెల్లం ఎట్లా నాకిందనుకున్యావ్. ఆకలితో పోలేదు, అదే సాలు."

నేను అక్కడే, రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆమె నావైపు చూడలేదు. అవ్వ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఔ అవ్వా" అంది. "కడుపునిండా తినింది."